కొసరు ఎండ

12వ రోజు

అద్దాల గది డ్యూటీ పుస్తకం. రాస్తున్నది అద్దాలు తిప్పే లస్కరు నాంచారయ్య. మూడు అద్దాలూ క్షేమం. ఎండ పంపకం మామూలే.

ఈ పేజీలో పైనున్న పట్టిక వరకే నకలు తీసి సభకి పంపుతాం. దాని కింద జాగాలో ఏం రాసినా ముప్ఫై ఏళ్లలో ఎవరూ చదవలేదు. అందుకని ఉన్నమాట రాస్తున్నాను. మా తోడల్లుడు గోవర్ధనం చీకటిపాలేనికి పెద్ద అయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. పన్నెండు రోజులుగా నాకు అన్నం సయించడం లేదు.

వాణ్ని ఇప్పుడు అందరూ 'పెద్దాయన' అనాలట. నాకంటే ఆరేళ్లు చిన్న. మా ఆవిడ భ్రమరాంబ చెల్లెలు విశాలాక్షిని చేసుకున్నాడు. ఆ పెళ్లి పందిట్లోనే మా అత్తగారు మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, "చిన్నల్లుడు నాలుగు వేళ్లు పొడుగు" అని మురిసిపోయింది. ఆనాడు మొదలైన మంట ఇంకా ఆరలేదు. నిన్నమొన్నటిదాకా బడిలో పిల్లలకి లెక్కలు చెప్పుకునేవాడు. ఎన్నిక సభలో లేచి ఊరందరికీ లెక్క చెప్పాడు.

"ఈ గుంటలోకి సూర్యుడు రాడు. మన తాతలు భూమి నుంచి మంచు తవ్వుకోవడానికి వచ్చి దిగిన రోజు నుంచీ రాలేదు. గుంట అంచు మీద అద్దాలు పట్టే ఎండలో మంచు కరిగించే పనికి పోగా, ఇళ్ళకి మిగిలేది రోజుకి నాలుగు గంటలు. అంటే రెండొందల నలభై నిమిషాలు. వీధులు పన్నెండు. వీధికి ఇరవై రావాలి. మరి పన్నెండో వీధికి అయిదే ఎందుకొస్తన్నాయి? మూడొందల రోజుల్లో ఆ ఇరవై తెచ్చిపెడతా. తేలేకపోతే ఈ కుర్చీ దిగిపోతా."

ఒక్కసారిగా చేతులు లేచాయి. పన్నెండో వీధి వాళ్ళు రెండు చేతులూ ఎత్తారు. నేనూ ఎత్తాను. ఎత్తకపోతే పక్కనున్న భ్రమరాంబ మోచేత్తో పొడిచేది.

19వ రోజు

రెండో అద్దం తిప్పే చక్రం కొంచెం బిగుసుకుంది. నూనె పోశాను.

గోవర్ధనం రోప్‌వే తొట్టిలో పైకి వచ్చాడు. వెంట ఎవరూ లేరు. అదీ ఒక గొప్పే అనుకుంటాడు కాబోలు. నా బల్ల ముందు నేల మీదే చతికిలబడి పాత పట్టికలన్నీ తిరగేశాడు. ప్రతి వీధికీ ఎదురుగా 'ఇరవై' అని ఉంది. పన్నెండో వీధి దగ్గర మాత్రం 'అయిదు, అద్దం తుడుపు పదిహేను' అని ఉంది.

"అన్నయ్యా, ఈ తుడుపేంది?"

"అద్దాల మీద ధూళి పడుతుంది. తుడవాలి. ఆఖరి వీధి వంతులో తుడుస్తాం. మా నాన్న కాలం నుంచీ అంతే."

ఇంతలో ఫోను మోగింది. అయిదో వీధి నుంచి ఒకావిడ. "బాబాయ్, చంటిపిల్లకి నూనె రాసి ఇప్పుడే ఎండలో పడుకోబెట్టా. ఒక్క రవ్వ కొసరు వెయ్యవా?" సరేనమ్మా అని చక్రం ఆపి పట్టుకున్నాను. నిమిషంన్నర అయ్యాక ఆరో వీధికి తిప్పాను. పట్టికలో అయిదో వీధికి ఇరవై అని రాశాను. ఇదంతా గోవర్ధనం మూరెడు దూరంలో కూర్చుని చూశాడు. చూసి, "పిల్ల బాగుందా?" అని అడిగి మళ్ళీ పట్టికలో తల దూర్చాడు.

లెక్కల మాస్టారికి అది కనపడలేదు. కనపడదు మరి. కూరగాయలు తూచాక కొసరు వేసిన నాలుగు పచ్చిమిరపకాయల్ని మళ్ళీ తక్కెట్లో పెట్టేవాళ్ళెవరు? వాడి ఇల్లు నాలుగో వీధి. విశాలాక్షి వారంలో నాలుగు రోజులు ఫోను చేసి, "బావగారూ, అప్పడాలు ఎండలేదు" అంటుంది. వాడు తిన్న అప్పడాలన్నీ నా కొసరువే.

"అయితే శత్రువు ధూళన్నమాట" అని లేచాడు. కళ్ళు మెరుస్తున్నాయి. తొట్టి దాకా వెళ్ళి సాగనంపాను.

41వ రోజు

మూడు అద్దాలూ క్షేమం.

ఇవాళ నా లెక్క నేను చెప్పుకుంటాను. మా పెద్దలు భూమ్మీద కృష్ణ కాలవ చివర ఊళ్ళ నుంచి ఇక్కడికి వచ్చారు. అక్కడ తూము తలుపు తిప్పి పొలాలకి నీళ్ళు వదిలే మనిషిని లస్కరు అనేవాళ్ళట. ఇక్కడ నీళ్ళకి బదులు ఎండ వదులుతున్నా పేరు మాత్రం అదే ఉండిపోయింది. ఎండ ఒకటో వీధి గాజు కప్పు మీద మొదలై వరసగా పన్నెండు దాకా వెళుతుంది. మొదటి పది వీధుల వాళ్ళూ కొసరు అడుగుతారు. ఒక్కో వీధికి నిమిషంన్నర ఇస్తాను. పదకొండో వీధి వాళ్ళు అడగరు. వాళ్ళ గుమ్మాల్లోంచి చూస్తే ఎదురుగా పన్నెండో వీధి చీకటి కనిపిస్తుంది. అడగడానికి నోరు రాదేమో.

పది నిమిషంన్నరలు కలిపితే పదిహేను. అదీ అద్దం తుడుపు.

ధూళి తుడవడానికి వారానికి ఒక గంట చాలు. అది మంచు పని ఆగినప్పుడు తుడుస్తాను. కొసరుని కూడా లెక్కకట్టి పట్టికలో రాస్తే మనిషి పిసినారితనం బయటపడినట్టు ఉంటుందని మా నాన్న తుడుపు అని రాశాడు. నేనూ అదే రాస్తున్నాను.

నేను ఒక్క మాట చెబితే ఈ చిక్కు ఒక పూటలో విడిపోతుంది. చెప్పను. చెబితే ఏమవుతుంది? కొసరు ఆగిపోతుంది. పది వీధుల్లో నన్ను బాబాయ్, మామయ్యా, అన్నా అని పిలిచే గొంతులు ఆగిపోతాయి. పన్నెండో వీధిలో ఇరవై నిమిషాలు పడతాయి, గోవర్ధనం మెళ్ళో దండ పడుతుంది. నా చేతిలో ఉన్న ఒక్క విద్యనీ తీసుకెళ్ళి వాడి పెరట్లో పాతిపెట్టినట్టు అవుతుంది. నాకంత విశాల హృదయం లేదు.

88వ రోజు

ఊరంతా నా అద్దాల మీదే ఉంది. 'ధూళి మీద దండయాత్ర' అట. వీధికి పదిమంది చొప్పున గాలి తొడుగులు వేసుకుని, మెత్తటి కుంచెలు పట్టుకుని పైకి వచ్చారు. గోవర్ధనం అందరికంటే ముందు నిచ్చెనెక్కాడు. పాటలొకటి. అద్దాలు మా పెళ్లినాటి కంచాల్లా తళతళలాడుతున్నాయి. నాకు కళ్ళలో నిప్పులు పోసుకున్నట్టుంది.

పన్నెండో వీధి నుంచి సైదమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. ఎన్నికలప్పుడు ఆ వీధి చేతులన్నీ గోవర్ధనం వైపు లేపింది ఈవిడే. కుంచె పక్కన పెట్టి నా గదిలో మంచినీళ్ళు తాగుతూ మనవరాలి సంగతి చెప్పింది. పేరు మస్తానమ్మ, ఆరేళ్లు. భూమ్మీద కంటే ఇక్కడ బరువు తక్కువ. ఎండ కూడా తగలకపోతే పిల్లల ఎముకలు గట్టిపడవు. మందు బిళ్ళలు వేస్తున్నా ఆ పిల్ల కాళ్ళు వంగుతున్నాయి.

"రోజుకి ఇరవై నిమిషాలు తగిలితే నిలబడుద్దని డాక్టరమ్మ చెప్పింది. ఏడాది లోపల తగలాలంట. ఆ తర్వాత తగిలినా ఎముక తిరగదంట" అంది సైదమ్మ. "ఏం పర్లేదులే. గోవర్ధనం సారు చెప్పాడంటే అవుద్దయ్యా."

మొదటి సగం విన్నప్పుడు గుండెలో ఏదో కలుక్కుమంది. అది నిజం. రెండో సగం వినగానే ఆ కలుక్కు పోయి పాత మంటే వచ్చింది. ముప్ఫై ఏళ్లుగా ఎండ తిప్పేది నేను. ఎనభై ఎనిమిది రోజుల వాడి మీద ఇంత నమ్మకం ఎందుకు?

పన్నెండో వీధికి ఇవాళా అయిదే. ఆ అయిదు నిమిషాలూ మునుపటికంటే తెల్లగా పడ్డాయి. దానికే కింద చప్పట్లు కొట్టారు.

130వ రోజు

మా అత్తగారి డెబ్భయ్యో పుట్టినరోజు. గోవర్ధనం ఇంట్లో చేశారు. నాకు కుర్చీ వేశారు గానీ, అది తలుపు పక్కన.

అత్తగారు చిన్నల్లుడి తల నిమిరి, "ఊరి భారమంతా మోస్తన్నాడు, చిక్కిపోయాడు" అంది. నేనూ చిక్కాను. ఎవరూ చూడలేదు. విశాలాక్షి బొబ్బట్లు వడ్డిస్తూ, "బావగారూ, నేనిక కొసరు అడగనండీ. మా ఆయన పెద్దయ్యాక అడిగితే ఎవరన్నా ఏమన్నా అనుకుంటారు" అంది. ఆ మాట గోవర్ధనం విన్నాడు. భార్య వైపు గర్వంగా చూశాడు. ఆ మాటకి అర్థం ఏమిటో ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే అక్కడే అంతా తేలిపోయేది. అప్పటికి బొబ్బట్టు నోట్లో ఉంది వాడికి.

నాలుగో వీధి కొసరు తగ్గించి ఆ నిమిషంన్నర పన్నెండో వీధికి ఇవ్వొచ్చు కదా అని నడిచి వస్తున్నప్పుడు అనిపించింది. ఇవ్వలేదు. ఇస్తే ఆరున్నర అయ్యేది, 'గోవర్ధనం వల్లే పెరిగింది' అనేవాళ్ళు. మా మూడో వీధికే కలిపాను.

176వ రోజు

మూడు అద్దాలకీ తుడుపు యంత్రాలు బిగించారు. భూమి నుంచి సరుకుల నౌకలో వచ్చాయి. తమ బట్టల వంతూ చక్కెర వంతూ వదులుకుని ఊరివాళ్ళు నౌకలో వాటికి జాగా ఇచ్చారు. రోజంతా వాటంతట అవే తుడుస్తాయి. ఇక 'తుడుపు పదిహేను' అని రాయడానికి నాకు మొహం లేదు. 'చక్రం సర్దుబాటు పదిహేను' అని రాశాను.

యంత్రాలు తిరిగాయి. పన్నెండో వీధికి అయిదు నిమిషాలు వచ్చాయి.

ఇవాళ మొదటిసారి గోవర్ధనాన్ని తిట్టడం విన్నాను. ఎనిమిదో వీధి మనిషి ఒకడు ఫోనులో, "చక్కెర లేని టీ తాగుతున్నాం మావా, ఆ మాస్టారు పుణ్యమా అని" అన్నాడు. ఆ మాట చెవిలో తేనె పోసినట్టుంది. వాడికి రెండు నిమిషాల కొసరు వేశాను, ఆ అర నిమిషం తొమ్మిదో వీధి కొసరులో కోశాను.

మధ్యాహ్నం పానకాలరావు వచ్చాడు. ఒకటో వీధిలో ఉంటాడు, మంచు కరిగించే పనికి మేస్త్రీ. నా పక్కన కూర్చుని అద్దాల గది ఎంత చక్కగా ఉందో చెప్పాడు. గోవర్ధనం గురించి ఒక్క మాట కూడా చెడుగా అనలేదు. "మంచోడే పాపం. మాటలోడు. ఊరికి కావాల్సింది మాటలు కాదు గదా నాంచారయ్య మావా" అన్నాడంతే. ముప్ఫై ఏళ్లలో ఎవరైనా నా గదిని మెచ్చుకోవడం అదే మొదలు. టీ ఇచ్చాను.

215వ రోజు

గోవర్ధనం మళ్ళీ పైకి వచ్చాడు. గడ్డం పెరిగింది. ఈసారి నేల మీద కూర్చోలేదు, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"అన్నయ్యా, ధూళి లేదు. యంత్రం ఉంది. చక్రం సర్దుబాటుకి పదిహేను నిమిషాలు పట్టదు, నేను గడియారం పెట్టి చూశా. నా లెక్కలో తప్పెక్కడుందో నువ్వన్నా చెప్పు. నీకంటే ఈ అద్దాలు తెలిసినోళ్ళు లేరు."

అలా అడిగాడు. బతిమాలినట్టు అడిగాడు. వాడి పెళ్లయిన ఈ ఇరవై రెండేళ్లలో వాడు నన్ను సాయం అడగడం ఇదే మొదలు. నాకు లోపల ఏదో మెత్తబడింది. చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. "తమ్ముడూ, ఇలా కూర్చో" అన్నాను.

అప్పుడే ఫోను మోగింది. అత్తగారు. "నాంచారయ్యా, చిన్నల్లుడు పైకొచ్చాడంట గదా? పొద్దుట్నుంచీ ఏం తినలేదంట. నీ క్యారేజీ ఉంటే ఆయనకి పెట్టు" అంది.

నా క్యారేజీ వాడికి పెట్టాను. గోంగూర పచ్చడి, చిక్కుడుకాయ కూర. వాడు తింటుంటే చూస్తూ కూర్చున్నాను. తినడం అయ్యాక, "ఏదో చెప్పబోయావు అన్నయ్యా" అన్నాడు. చక్రం పాతబడింది, అంతే అన్నాను.

262వ రోజు

మూడో అద్దం అంచున చిన్న పగులు. రాసి పెట్టాను.

దుర్భిణిలో పన్నెండో వీధి చూశాను. ఎండ రాకముందే మంచాలు బయటికి లాగి వరసగా వేస్తారు. నలభై ఇళ్ళ పిల్లలు, ముసలివాళ్ళు. ఎండ పడగానే పిల్లల్ని మధ్యకి తోస్తారు. అయిదు నిమిషాలు అయ్యాక మంచాలు లోపలికి. మస్తానమ్మ కాళ్ళకి చెక్కలు కట్టి ఉన్నాయి. సైదమ్మ ఆ పిల్లని చంకనేసుకుని ఎండ కదిలే వైపు తనూ కదులుతోంది.

డాక్టరమ్మ చెప్పిన ఆ ఏడాదిలో సగం అయిపోయింది. అది నాకు తెలియదని రాయను. తెలుసు. రోజూ చూస్తున్నాను. చూసినప్పుడల్లా రేపు చెబుతాను అనుకుంటాను. తెల్లారి లేస్తే ఎవరో ఒకరు గోవర్ధనం పేరు ఎత్తుతారు.

ఇప్పుడు ఆ పేరు ఎత్తే తీరు మారింది. నాలుగో వీధి గోడ మీద 'ఇరవై ఎక్కడ?' అని బొగ్గుతో రాశారు. పానకాలరావు వీధి వీధీ తిరుగుతున్నాడు. ఏమీ ఇస్తానని చెప్పడం లేదట. "సభలు పెట్టుకుని, చేతులెత్తుకుని, మాటలు విని ఏం బావుకున్నాం? ఇరవై ఏళ్లు సభ మూసేద్దాం. నాకొదిలేయండి, నేను చూసుకుంటా" అంటున్నాడట. భ్రమరాంబ ఆ మాట చెప్పి, "అంటే ఇక ఎవరినీ దించడానికి ఉండదాండీ?" అని అడిగింది. ఉండదు అన్నాను. ఆవిడ భయపడింది. నాకు మాత్రం గోవర్ధనం దిగుతాడు అన్నంతవరకే వినబడింది.

300వ రోజు

సభ జరిగింది. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మంచు కరిగించే పెద్ద సాలలో ఊరంతా కూర్చుంది. గోవర్ధనం లేచాడు. చేతిలో కాగితం లేదు. "తెస్తానన్నాను, తేలేకపోయాను. ఎందుకు తేలేకపోయానో కూడా నాకు తెలవలేదు. మాట ప్రకారం దిగిపోతన్నా. మీ చక్కెరకీ మీ నమ్మకానికీ నేను..." అని ఆగిపోయాడు.

నేను ఎదురుచూసిన రోజు ఇదే. ముందు వరసలో కూర్చుని చూడాలని గంట ముందే వచ్చాను. ఎంతో బాగుంటుందనుకున్నాను. నిజంగానే బాగుంది.

పానకాలరావు అంతటితో ఊరుకుని ఉంటే సరిపోయేది. లేచి, "తెలవలేదంట! మూడొందల రోజులు చూసి తెలవలేదంట! రోజుకి పదిహేను నిమిషాల ఎండ యాడికి పోద్దయ్యా? ఈ పెద్దమనిషే దొంగచాటుగా తిప్పుకున్నాడు. నాలుగో వీధి కాదూ ఈయనది?" అన్నాడు.

సాల దద్దరిల్లింది. దొంగ, దొంగ అని అరుపులు. "ఎంత తెలివో చూడు!" అన్నాడు నా వెనక మనిషి. "మాస్టారు మామూలోడు కాదు, ఎవరికీ దొరకలా!" అన్నాడు పక్కవాడు. ఆ గొంతులో కోపం ఉంది. దాని అడుగున మెచ్చుకోలు కూడా ఉంది.

అది నేను తట్టుకోలేకపోయాను. నిజాయితీతో లేచానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఒళ్ళు మండి లేచాను. మూడు దశాబ్దాల నా చేతివాటం, మా నాన్న నేర్పిన పని, ఊరంతటికీ తెలియకుండా రోజూ పదిహేను నిమిషాలు చేతి మీద నడిపించిన నేర్పు, అది కూడా గోవర్ధనం ఖాతాలో పడుతోంది!

"వాడికంత చేతనవునా?" అని అరిచాను. "వాడికి చక్రం ఎటు తిరుగుతుందో కూడా తెలీదు. ఆ పదిహేను నిమిషాలూ నేనిచ్చాను. మీకే ఇచ్చాను!"

నేను వేలు పెట్టి చూపిస్తూ పోయాను. నీ కోడలి పురిటికి రెండు నెలలు. నీ ఒడియాలకి. నీ మోకాళ్ళ నొప్పికి. నీ తులసి కోటకి. పానకాలూ, మీ అమ్మకి రోజూ. పది వీధులు, వీధికి నిమిషంన్నర. చెబుతున్నకొద్దీ తలలు దిగిపోయాయి.

వెనక నుంచి సైదమ్మ లేచింది. అరవలేదు. "మాకు ఎప్పుడన్నా వేశావా అయ్యా కొసరు?"

"మీకు వెయ్యాలంటే మీ తర్వాత ఇంకో వీధి ఉండాలిగా" అన్నాను. నా నోటి నుంచి వచ్చాక గానీ ఆ మాట ఎలాంటిదో నాకు తెలియలేదు.

గోవర్ధనం నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను. వాడి మొహం వెలిగింది! లెక్క తేలిన మాస్టారి మొహం. సభ వైపు తిరిగి, "అంతేనా? ఇంత చిన్నదా? వీధికి నిమిషంన్నర. అది వదులుకుంటే రేపటి నుంచే పన్నెండుకి ఇరవై వస్తాయి. నాకు కుర్చీ అక్కర్లేదు. ఎవరు వదులుకుంటారో చేతులెత్తండి" అన్నాడు.

పదకొండు, పన్నెండు వీధుల వాళ్ళు ఎత్తారు. వాళ్ళకి వదులుకోవడానికి ఏమీ లేదు. విశాలాక్షి ఎత్తింది. నా పక్కన భ్రమరాంబ ఎత్తింది. మిగతా సాలంతా ఒళ్ళో చేతులు పెట్టుకుని నేల చూసింది.

నా చెయ్యి ఒళ్ళోనే ఉంది. ఎత్తితే వాడు గెలుస్తాడు. నా కళ్ళ ముందు, నా నోటి మాటతోనే గెలుస్తాడు. నేను లస్కరుని, నేను ఎత్తితే ఇంకో పాతిక మంది ఎత్తేవాళ్ళు, వాళ్ళని చూసి ఇంకో వందమంది. అది నాకు ఆ క్షణంలోనే తెలుసు. భ్రమరాంబ తల తిప్పి నా ఒడిలో చేతుల్ని చూసింది. అయినా ఎత్తలేదు.

పానకాలరావు నెమ్మదిగా అందుకున్నాడు. "నాంచారయ్య మావ ఇచ్చాడేగానీ దోచుకోలా. దాన్ని తప్పంటే ఎట్టా? నా మాట వినండి. ఎవరి నిమిషమూ నేను ముట్టుకోను. సభ మూసేద్దాం. ఇట్టాంటి రోత మళ్ళీ వినే పనుండదు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

అందరికంటే ముందు లేచిన చెయ్యి సైదమ్మది. గోవర్ధనం, "సైదమ్మా, నువ్వా?" అన్నాడు.

"రెండు చేతులూ ఎత్తి నిన్ను నిలబెట్టాం సారూ. ఏం వచ్చింది?" అంది. "ఎత్తినా అయిదే, ఎత్తకపోయినా అయిదే. పిల్లని ఇంట్లో ఒంటరిగా వదిలేసి సభలకి వచ్చే పనన్నా తప్పుద్ది."

ఆవిడ వెనక పన్నెండో వీధి మొత్తం ఎత్తింది. ఆ తర్వాత పది వీధులూ ఎత్తాయి. లెక్కపెట్టాల్సిన అవసరం కూడా రాలేదు.

301వ రోజు

ఇక ఈ లెక్కన రోజులు రాయక్కర్లేదు గానీ అలవాటుగా రాశాను.

భ్రమరాంబ పొద్దున్నే ఒక్కటే మాట అడిగింది. "చెయ్యి ఎందుకు ఎత్తలేదండీ?" నడుం పట్టేసిందన్నాను. ఆవిడ రెండు చీరలు సంచిలో పెట్టుకుని చెల్లెలింటికి వెళ్ళింది.

334వ రోజు

మూడు అద్దాలూ క్షేమం. పగులు అలాగే ఉంది.

పానకాలరావు గారి ఉత్తరువు గోడకి అంటించాను. మొదటి పది వీధులకి ఇరవై ఒకటిన్నర. పదకొండుకి ఇరవై. పన్నెండుకి అయిదు. చక్రానికి గడియారం బిగించి తాళం వేశారు. దానంతట అదే తిరుగుతుంది. మార్చాలంటే సభ చేతులెత్తాలని పాత చట్టం. సభ లేదు. నేను పక్కన కూర్చుని తిరుగుతోందా లేదా అని చూస్తాను. జీతం పెంచారు. గౌరవం తగ్గలేదు, ఎదురుపడితే నమస్కారం పెడతారు. కానీ ఫోను మోగదు. హక్కుగా వచ్చేదాన్ని ఎవరు మాత్రం అడుగుతారు?

గోవర్ధనం నాలుగో వీధి ఇల్లు వదిలి పన్నెండో వీధికి మారాడు. విశాలాక్షీ, భ్రమరాంబా కూడా అక్కడే. అత్తగారు కూడా మంచం తీసుకుని వెళ్ళిందట. మొదట్లో సైదమ్మ తలుపు తీయలేదట. పదో రోజున తీసిందట. ఇవన్నీ నాకు ఎవరూ చెప్పరు. రోప్‌వే తొట్టి తోలే మనిషి దగ్గర గుచ్చి గుచ్చి అడిగి తెలుసుకున్నాను.

నిన్న రాత్రి పడుకునే ముందు ఒక నిర్ణయానికి వచ్చాను. ఇవాళ మా మూడో వీధి వంతులో తాళం దగ్గర మేకు పెట్టి చూశాను. నా నిమిషంన్నర నేను కోసి పన్నెండుకి పంపిద్దామని. నిజంగానే అనుకున్నాను. తాళం రాలేదు. మేకు వంగింది. ఎవరైనా చూశారేమోనని బయటికి తొంగి చూసి మళ్ళీ కూర్చున్నాను.

ఎండ పన్నెండో వీధికి చేరగానే దుర్భిణి అందుకున్నాను. మంచాలు వేశారు. మస్తానమ్మని మధ్య మంచం మీద కూర్చోబెట్టారు. చెక్కలు విప్పారు. కాళ్ళు విల్లుల్లా ఉన్నాయి. గోవర్ధనం కింద కూర్చుని ఆ కాళ్ళకి నూనె రాస్తున్నాడు. నోరు కదులుతోంది, ఎక్కాలు చెప్పిస్తున్నాడేమో, ఆ పిల్ల నవ్వుతూ తల ఊపుతోంది. ఆ వీధికి ఏమీ తేలేని మనిషి. అన్నీ పోగొట్టుకున్న మనిషి. ఆ నలభై ఇళ్ళ వాళ్ళు తమకున్న అయిదు నిమిషాల్లోంచి వాడికి చోటిచ్చారు. సైదమ్మ వాడి భుజం మీద చెయ్యి ఆనించి నిలబడింది. నాకు కడుపు మండిపోయింది. ఇంత జరిగాక కూడా మండింది. వాడికి ఇంకా ఏదో మిగిలింది, నాకు లేదు.

ఫోను తీసి పన్నెండో వీధికి కలిపాను. ముప్ఫై ఏళ్లలో నేను కిందికి ఫోను చేయడం ఇదే మొదలు. భ్రమరాంబే తీసింది.

"నేనే" అన్నాను. "భోజనం చేశావా? కాస్త మాట్లాడు."

"ఎండ పోతోందండీ, తర్వాత" అని పెట్టేసింది.

దుర్భిణిలోంచి చూశాను. వెళ్ళి చెల్లెలి పక్కన కూర్చుంది. ఎండ ఇంకా రెండు నిమిషాలు ఉంది.